తెర మీద బొత్తాం

"ఏమోయ్, బొత్తాం ఊడింది. చప్పున కుట్టు, మీటింగుకి టైమైపోతోంది!" అంటూ చొక్కా నా ఒళ్ళో పడేశారు మా ఆయన. మాది కర్టెన్ల కొట్టు. వర్తక సంఘం వాళ్ళు ఆ రోజు ఆయనకు బహుమతిగా ఒక కప్పు ఇవ్వబోతున్నారు. ఎందుకయ్యా అంటే, బొత్తాం పెట్టినందుకు. చొక్కాకి కాదు, కంప్యూటర్‌కి.

ఆ బొత్తాం పెట్టింది నేను. కొట్టు వెబ్‌సైటు నడిపేది కూడా నేనే. జనం ఒకసారి చూసిపోయి, మళ్ళీ మా పేరు గుర్తురాక పక్క కొట్టువాడి సైటులో తేలుతున్నారని, బ్రౌజర్ పైపట్టీలో కూర్చునే చిన్న బటన్ తయారుచేశాను. దాని మీద కిటికీ బొమ్మ. ఒక్కసారి పెట్టుకుంటే చాలు, కస్టమర్ ఏ సైటులో తిరుగుతున్నా మేము కళ్ళెదుటే. కొత్త గుడ్డ వస్తే ఎర్ర చుక్క వెలుగుతుంది. నొక్కి ప్రశ్న అడిగితే జవాబొస్తుంది. ఎక్కడినుంచి? మా వంటింటి గట్టు మీది లాప్‌టాప్ నుంచి. ఉతికితే కుంచించుకుపోతుందా, కిటికీ కొలత ఫ్రేముతో కలిపా, మధ్యాహ్నం ఎండ ఆగుతుందా... ఒక చేతిలో గరిటె, ఇంకో చేత్తో జవాబు. "రోజంతా బొత్తాలు నొక్కుకుంటూ కూర్చుంటుంది, దీనికి పనేముంది?" అని వచ్చేపోయేవాళ్ళకు చెప్పుకుంటారు మా అత్తగారు. కస్టమర్లు బటన్ నొక్కారు, అత్తగారు నన్ను నొక్కారు, పేరు మాత్రం మా ఆయన నొక్కేశారు. కర్టెన్ల ఇంటి కోడలిని కదా, తెర వెనకే ఉండాలి కాబోలు. నన్ను కప్పెట్టి ఆయనకు కప్పు!

దారం కొరికి, "అక్కడ నా పేరు చెప్తారా?" అని అడిగాను.

ఆయన పగలబడి నవ్వారు. "నీ పేరెందుకే? ఐడియా నాది. జవాబులంటావా, ఆ మాత్రం ఎవరైనా చెప్తారు."

ఎవరైనా చెప్తారట! బటన్ ఉండేది కస్టమర్ కంప్యూటర్లోనే అయినా, అందులో అడిగిన ప్రశ్న ఎవరికి చేరాలో చెప్పేది దాన్ని తయారుచేసినవాళ్ళు. ఆయన గుమ్మం దాటగానే లాప్‌టాప్ తెరిచి, ప్రశ్నలన్నీ ఆయన ఫోనుకే పోయేలా మార్చేశాను.

సాయంత్రం ఒక చేతిలో కప్పుతో, ఇంకో చేతిలో మోగుతున్న ఫోనుతో ఇంట్లోకి వచ్చిపడ్డారు.

"ఏం చేశావే? స్టేజీ మీద ఒకటే టింగు టింగు! లైనింగు ఎంత పడుతుందని ఎవరో అడిగితే, నాకేం తెలుసు? నోటికొచ్చింది చెప్పా. ఆవిడ తిడుతూ మెసేజి పంపింది!"

"ఎవరైనా చెప్తారన్నారుగా."

"ఏమిటమ్మా ఇది, వాణ్ణి కూడు తిననియ్యవా?" అన్నారు అత్తగారు.

"బొత్తాలు నొక్కడమే కదత్తయ్యా, మీరూ ఓ చెయ్యి వెయ్యండి."

ఫోను మళ్ళీ మోగింది. ఆయన తెర నా వైపు తిప్పారు. "ఇన్నాళ్ళూ ఓపిగ్గా చెప్పిన ఆవిడ ఏరీ? ఆవిడైతేనే మాట్లాడతాను" అని ఉంది.

ఆ ఒక్క ప్రశ్న నాది. ఫోను అందుకుని రాశాను: "ఇక్కడే ఉన్నాను. ఇకనుంచి ప్రతి జవాబు కిందా నా పేరుంటుంది." పంపి, ఫోను ఆయన చేతిలో పెట్టాను. "దీనికి సరేనంటే ప్రశ్నలు నాకు మళ్ళిస్తా. లేదంటే మోత మీదే."

ఆయన దాన్ని రెండుసార్లు చదువుకున్నారు. "సరే... మరి నా పేరో?"

"కప్పు మీద ఉందిగా!"