నూకరత్నం చూడని చివరి అరగంట

నేను ఒక సినిమా డిస్కును. ఫ్రాన్సులో పుట్టాను. నాలో ఉన్నది ఒక బడి కథ. అందులో పిల్లలు ఒక్కొక్కరే మాయమైపోతుంటారు. నన్ను మొదట కొన్న కుర్రాడు ఒక్కసారి చూసి మూలన పడేశాడు. పాత సామాన్ల సంతలో నన్ను ఏరుకున్న, అక్కడే స్థిరపడ్డ యానాం పెద్దాయన ఒకరు, సెలవులకి ఊరొచ్చినప్పుడు ఫ్రెంచి మాస్టారు బుల్లెబ్బాయిగారి చేతిలో పెట్టారు. సముద్రాలు దాటి వచ్చానన్న గౌరవంతో నా ఒంటిమీది గీతలు ఎవరూ పట్టించుకోలేదు.

ఒక శనివారం మాస్టారు తొమ్మిదో తరగతికి నన్ను వేశారు. పక్కన నిలబడి ఫ్రెంచి మాటలన్నీ గొంతెత్తి తెలుగులో చెప్పారు. తెరమీద ఒక్క పిల్ల కనబడకపోయేసరికి పోలీసులు, కుక్కలు, హెలికాప్టరు! బడికి రాకపోతే ఇంత హడావుడా అని క్లాసంతా గొల్లున నవ్వింది. జాలరిపేట నుంచి వచ్చే నూకరత్నం మాత్రం లేచి నిలబడింది.

“మన ఆదిలక్ష్మి కూడా దసరా నుంచి రావట్లేదు కదండీ. మరి దాన్నెవరూ ఎతకరేంటండీ?”

మాస్టారు నోరు తెరిచేలోగా కరెంటు పోయింది. ఆయన్ని ఆదుకున్న కరెంటు కోత అదొక్కటే అనుకుంటాను. మిగతా అరగంట వచ్చే శనివారం అన్నారు.

ఆ శనివారానికి నూకరత్నం లేదు. వాళ్లమ్మ మంచాన పడితే, ఆమె బదులు రొయ్యలు ఒలిచే షెడ్డుకి వెళుతోందట. మాస్టారికి మనసొప్పలేదు. అది వచ్చేదాకా సినిమా వెయ్యనని క్లాసుకి చెప్పి, ఆ సాయంత్రమే నన్ను సంచిలో వేసుకుని షెడ్డుకి బయల్దేరారు. పిల్లని వెనక్కి తేవడానికి ఆయన దగ్గరున్న ఎర నేనే. సిగ్గు లేకుండా గర్వపడ్డాను కూడా.

ఐసునీళ్లలో నాని ఆ పిల్ల వేళ్లు తెల్లగా పాలిపోయాయి.

“సోమవారం రావే. నీకోసం సినిమా ఆపేను,” అన్నారు మాస్టారు.

“మాయమ్మ లెగలేపోతందండి. తమ్ముళ్లిద్దరూ సిన్నోళ్లండి.” చేతిలో రొయ్య ఒలిచి పడేసి తలెత్తింది. “మాస్టారండీ, ఆ పిల్లలు దొరికేరాండీ?”

“దొరికేరే. అందరూ దొరికేరు.”

“అమ్మయ్య,” అని నవ్వి, మళ్లీ రొయ్యల మీదకి వంగింది.

నా చివరి అరగంటలో అందరూ దొరకరు. ఆఖరమ్మాయి దొరకదు. వాళ్లమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఉండగానే సినిమా అయిపోతుంది. మాస్టారు ముందే రెండుసార్లు చూశారు, ఆయనకి తెలుసు. సంచిలో నా గుండె చెరువైంది.

ఇప్పుడు స్టాఫ్‌రూము బీరువాలో ఉన్నాను. నన్ను మళ్లీ ఎవరూ వెయ్యలేదు. నేను ఆఖరిసారి క్లాసుకి వెళ్లింది ఆ సోమవారమే. నన్ను వెయ్యకుండానే పిల్లలకీ ఆయన అదే అబద్ధం చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. తరువాత హాజరు పిలుస్తూ నూకరత్నం పేరు దగ్గరికి వచ్చారు. పిలిచారు. ఎవరూ పలకలేదు. మళ్లీ పిలిచారు.