సూరీడమ్మ ఇంటి తలుపు

నేను ఒక టేకు తలుపుని. మిల్లు దొరల బంగళాకని కోసిన చెక్క కాస్త మిగిలితే, కూలీల వరస ఇళ్లలో చివరి గుమ్మానికి బిగించారు. లేకపోతే జూట్ మిల్లు కూలివాడికి టేకు తలుపు ఎవరు పెడతారు?

ఆ ఇంట్లో సూరీడమ్మ, ఆమె మొగుడు గురువులు కాపురం చేసేవారు. ఇద్దరిదీ మిల్లు పనే. పోట్లాడుకుంటే ఆమె నన్ను దడాలున వేసేది. కోపం చల్లారాక ఆయన మెల్లగా తోసుకుని లోపలికొచ్చేవాడు.

ఒకనాడు మిల్లుకి తాళం పడింది. గురువులు కొన్నాళ్లు ఆ గేటు ముందే కూర్చున్నాడు. మాట తగ్గింది, తిండి తగ్గింది. చివరికి ఓ పొద్దున "పనేదైనా సూసుకొనొత్తానే" అని, నన్ను దగ్గరగా వేసి వెళ్లాడు. మళ్లీ రాలేదు.

తర్వాత మిల్లు స్థలం, మా ఇళ్లతో సహా, ఎవరో కొన్నారు. అందరూ తట్టాబుట్టా సర్దుకున్నారు. సూరీడమ్మ మాత్రం కదల్లేదు.

"నానెల్లిపోతే మా మావ ఏ ఇంటికొత్తాడు?" అనేది.

ఇళ్లు కూల్చే యంత్రం వచ్చిన రోజు ఆమె లోపల గడియ వేసుకుంది. బతిమాలారు, బెదిరించారు. ఆమె తీయలేదు. అప్పుడు ఆ పని చూసే మేస్త్రీ నా మీద మృదువుగా తట్టాడు.

"సూరీడమ్మా! నీ మొగుడొచ్చాడే. గేటుకాడ కూలబడిపోనాడు. బేగి రా!"

ఒక్క ఊపున గడియ లాగేసింది. చెప్పులు లేకుండా, జుట్టు ముడి ఊడిపోతున్నా చూసుకోకుండా పరుగెత్తింది.

"టేకురా, గీత పడకూడదు" అంటూ మేస్త్రీ మనుషులు నన్ను జాగ్రత్తగా ఊడదీసి లారీకెక్కించారు. గోడలకి ఆ మర్యాద దక్కలేదు. ఆమె తిరిగొచ్చేసరికి ఇల్లు లేదు. ఏడుస్తుందనుకున్నాను. మేస్త్రీ దగ్గరికెళ్లి ఒక్కటే అడిగింది.

"నిజంగా వచ్చాడా బాబూ?"

అతను ఫోను చూసుకున్నాడు.

వాకబు చేసుకుంటూ వాకబు చేసుకుంటూ, నన్ను దించిన టౌన్లోని పాత సామాన్ల కొట్టుకి వచ్చింది. నా మీద చెయ్యి వేసి పైనుంచి కిందికి నిమిరింది. కొనడానికొచ్చిందేమోనని కొట్టు యజమాని లేచాడు.

"కొనలేను బాబూ. దీన్ని రోడ్డేపు తిప్పెట్టండి. మా మావ ఇటేపొత్తే ఆనవాలు పడతాడు. తలుపు కాడే ఉండిపోతాడు. రోజూ ఒచ్చి సూసుకుంటాను."

"అలాగేనమ్మా" అన్నాడాయన. మనుషులకి 'అలాగే' అనడం ఎంత తేలికో! నన్ను బయటికి లాగించి, రోడ్డు వైపు నిలబెట్టించాడు. ఆమె ఆయనకి దణ్ణం పెట్టి, వెనక్కి చూసుకుంటూ వెళ్లింది.

ఆమె సందు మలుపు తిరగ్గానే, "లోపలెట్టండ్రా, ఎండకి వంకరపోద్ది" అన్నాడు.

ఆ సాయంత్రమే ఒక రిసార్టు వాళ్లకి నన్ను అమ్మేశాడు. కాళ్లు బిగించి భోజనాల బల్ల చేశారు. వచ్చినవాళ్లు నా మీద చెయ్యి రాసి, పాతకాలపు చెక్క ఎంత బాగుందో అని మెచ్చుకుంటారు. మర్నాడు సూరీడమ్మ కొట్టుకి వచ్చే ఉంటుంది. ఆయన ఆమెతో ఏం చెప్పాడో నాకు తెలియదు.