అరువు గొంతు

మధ్యాహ్నం మూడింటికి కామేశ్వరరావు ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లు పుక్కిలిస్తాడు. భార్య పుణ్యవతి ఇచ్చిన మిరియాల పాలు తాగి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అంకెలు రాసుకున్న కాగితాలు మడిచి జేబులో పెట్టుకుంటాడు. నాలుగింటికి ఛానెల్ వాళ్ల కారు మదీనాగూడలోని వాళ్ల అపార్ట్‌మెంటు కిందికి వస్తుంది. ఐదున్నరకు మాదాపూర్ స్టూడియోలో చర్చ. కార్మిక శాఖలో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాక, ఆదివారాలు తప్ప నాలుగేళ్లుగా ఆయనకు ఇదే దినచర్య.

ఉద్యోగం పోయి ఏళ్లు గడిచినా మళ్లీ దొరకనివాళ్ల తరఫున ఆయన మాట్లాడతాడు. గొంతు మంచిది. కాకినాడలో చదువుకునే రోజుల్లో నాటకాలు వేసిన గొంతు. అదే గొంతుతో శాతాలు చదివినా వినబుద్ధేసేది. యాంకర్ వర్షిత రోజూ ఒకే మాటతో పరిచయం చేసేది. "నిరుద్యోగుల గొంతుక, కామేశ్వరరావు గారు మనతో ఉన్నారు." ఆ మాట విన్నప్పుడల్లా ఆయన కొంచెం నిటారుగా కూర్చునేవాడు.

ఒక బుధవారం పొద్దున్న మధుకర్ వచ్చాడు. నలభై నాలుగేళ్ల మనిషి, ఉండేది జీడిమెట్లలో. హైటెక్ సిటీలో ఒక కంపెనీకి వచ్చే ఫోన్లకు పన్నెండేళ్లు జవాబు చెప్పాడు. ఆ ఉద్యోగం పోయి మూడేళ్లు దాటింది. సోఫా అంచున కూర్చుని ఏదో అన్నాడు. వినపడలేదు. పుణ్యవతి ఫ్యాను ఆపింది. అయినా వినపడలేదు. కామేశ్వరరావు దగ్గరికి జరిగి చెవి ఒగ్గాడు.

"గొంతు పోయింది సార్. మొదటేడు మంచిగనే ఉండె. రెండో ఏడు సన్నగైంది. ఇప్పుడు గింతే. దవాఖానల చూపిచ్చిన. ఏం రోగం లేదన్నరు."

"పని లేకపోతే అంతే బాబూ," అంది పుణ్యవతి. "మా పిన్ని కొడుక్కీ ఇలాగే అయింది."

"ఫోన్ల ఇంటర్వ్యూ చేస్తరు సార్. హలో హలో అని పెట్టేస్తరు. రేపు పదకొండు గంటలకు రాయదుర్గం రమ్మన్నరు. అది గూడ ఫోన్ల మాట్లాడే నౌకరే. మీరు టీవీల రోజు అంటరు గద, మా గొంతు మీరేనని. ఒక్క పూట ఇయ్యిన్రి సార్. నాలుగు కొట్టేలోపు తెచ్చిస్త."

ఎవరైనా స్కూటరు అడిగితే ఎంతసేపు ఆలోచిస్తాడో కామేశ్వరరావు అంతసేపే ఆలోచించాడు. సాయంత్రం చర్చ ఉంది. కానీ మనిషి ఇంతదూరం వచ్చి అడిగాడు. సరేనన్నాడు.

మర్నాడు తొమ్మిదింటికల్లా మధుకర్ వచ్చేశాడు. పుణ్యవతి స్టీలు గ్లాసులో నీళ్లు తెచ్చింది. కామేశ్వరరావు గ్లాసు మీదికి వంగి, "తీసుకోండి," అన్నాడు. మాటతోపాటే గొంతు గ్లాసులోకి దిగింది. నీళ్లు ఒకసారి కదిలి సర్దుకున్నాయి. మధుకర్ గ్లాసు పైకెత్తి గుటగుటా తాగాడు.

"పోయొస్త సార్," అన్నాడు. గది నిండిపోయింది. తన మాటకు తనే ఉలిక్కిపడి మూతి తుడుచుకున్నాడు.

"ఏసీలో ఎక్కువసేపు కూర్చోకండి బాబూ, ఆయన గొంతుకి పడదు," అంది పుణ్యవతి, చెప్పులేసుకుంటున్నవాడితో.

నాలుగైంది. కారొచ్చింది, మధుకర్ రాలేదు. ఫోనుకు మెసేజ్ మాత్రం వచ్చింది. మళ్లొకసారి కూర్చోబెట్టారట, నేరుగా స్టూడియోకే వస్తాడట. కామేశ్వరరావు గొంతు లేకుండానే కారెక్కాడు. స్టూడియోలో ఒక కాగితం మీద రాసి వర్షితకు చూపించాడు. 'గొంతు ఒకరికిచ్చాను. తెస్తున్నాడు.'

"బ్రేక్ లోపు వస్తే చాలు సార్," అని ఆమె మేకప్ గదిలోకి వెళ్లిపోయింది.

ఆరోజు చర్చకు వచ్చిన రెండో మనిషి శేఖర్, కంపెనీలకు ఉద్యోగుల్ని వెతికిపెట్టే కన్సల్టెంటు. "మూడేళ్లు ఖాళీగా కూర్చున్నవాడికి పని మీద పట్టు పోతుందండి. కంపెనీలను తప్పుపట్టి ఏం లాభం?" అన్నాడు. మామూలు రోజయితే కామేశ్వరరావు వెంటనే అడ్డుపడి జాతీయ సగటు చెప్పేవాడు. ఆరోజు తల అడ్డంగా ఊపి ఊరుకున్నాడు.

బ్రేక్‌లో మధుకర్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "మాఫ్ చెయ్యిన్రి సార్. గ్యాప్ ఎందుకొచ్చిందని అడిగిన్రు. మూడేండ్ల సంది ఆపుకున్నదంత చెప్పిన. ఇద్దరు మేనేజర్లు కదలకుండ విన్నరు," అంటూనే పేపరు కప్పులో నీళ్లు పట్టి, గొంతు అందులోకి దించి అందించాడు. కామేశ్వరరావు తాగేసి సీట్లో కూర్చున్నాడు. లైట్లు వెలిగాయి.

"శేఖర్ గారి మాటకు మీ జవాబు?" అంది వర్షిత.

ఆయన కాగితం చూశాడు. మొదటి వరుసలో ఉన్న శాతం చదువుదామని నోరు తెరిచాడు.

"ఖాళీగ ఎవడున్నడు సార్?" అంది గొంతు. "పక్కింటోళ్ల గ్యాస్ బండ నేనే మోసిన. లిఫ్ట్ ఖరాబైతే మెకానిక్ పక్కన నేనే నిలబడ్డ. మూడో అంతస్తు తాతను దవాఖానకు నేనే తీస్కపోయిన. ఇంట్లనే ఉన్నవ్ గద అంటరు. అందరి పని నాదే, నాకే పని లేదు. మొదటేడు పెండ్లిళ్లల్ల అందరు అడుగుతుండె, ఏం చేస్తున్నవని. ఏదో ఒకటి చెప్తుంటి. రెండో ఏడు అడుగుడే బంద్ చేసిన్రు. అడిగేటోళ్లు లేకుంటే జవాబెందుకని గొంతు గూడ ఊకున్నది."

కామేశ్వరరావు ఆగి, మళ్లీ కాగితం వైపు చూసి, జాతీయ సగటు చెప్పడానికి ఇంకోసారి ప్రయత్నించాడు.

"మా బిడ్డ స్కూల్ ఫారం నింపుతుండె. తండ్రి ఏం చేస్తడు అన్న కాడ అడ్డగీత గీసింది. నేను చూడలేదనుకుంది."

శేఖర్ గ్లాసెత్తి నీళ్లు తాగాడు. వర్షిత చేతిలోని కాగితాల్లో తర్వాతి ప్రశ్న ఉంది కానీ అది దీని తర్వాత అడిగేది కాదు. "చెప్పండి సార్," అంది. మిగతా సమయమంతా ఆయన చెప్పాడు. ఆయన నాటకాల గొంతులో మధుకర్ మూడేళ్లు.

కార్యక్రమం అయ్యాక బయటికొస్తే మధుకర్ రిసెప్షన్ సోఫాలో కూర్చుని ఉన్నాడు. అక్కడి టీవీలో అంతా చూశాడు. ఫోను తెరిచి చూపించాడు. ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. మొహంలో సంతోషం మాత్రం లేదు. పెదాలు కదిలాయి. కామేశ్వరరావు వంగి విన్నాడు.

"ఏ గొంతుతోని పోవాలె సార్?"

కామేశ్వరరావు పక్కన కూర్చున్నాడు. నాలుగేళ్లుగా తన మాటల వల్ల పని దొరికిన మనిషి ఒక్కడైనా ఉన్నాడా అని గుర్తుచేసుకోబోయాడు. చాలామంది ఫోన్ చేసి బాగా మాట్లాడారన్నారు. కొందరు ఆ వీడియోలు పదిమందికీ పంపారు. పనిలో చేరినవాడి ముఖం ఒక్కటీ తోచలేదు. లేచి వెళ్లి కప్పులో నీళ్లు పట్టాడు.

మధుకర్ వద్దని రెండు చేతులూ ఊపాడు. "మీరెట్ల సార్?"

"నాకు పింఛన్ వస్తది తియ్యి," అనేసి కామేశ్వరరావు తన యాసకు తనే నవ్వాడు.

"నాది నాకొస్తే, ఆ రోజే మీది తెచ్చిస్త," అన్నాడు మధుకర్ చెవి దగ్గర.

కామేశ్వరరావు కప్పు మీదికి వంగాడు.

ఇంటికి వెళ్లాక సంగతంతా కాగితం మీద రాసిచ్చాడు. పుణ్యవతి రెండుసార్లు చదివి, వంటింట్లోకి వెళ్లి, చాలాసేపటికి కంచాలు పట్టుకుని వచ్చింది. ఛానెల్ కారు ఒక వారం వచ్చి మానేసింది. ఆయన సీట్లో ఇంకొకరు కూర్చున్నారు. వర్షిత ఆ కొత్తమనిషినీ నిరుద్యోగుల గొంతుక అని పరిచయం చేసిన రోజు పుణ్యవతి టీవీ కట్టేసింది.

మనుషులు రావడం మాత్రం ఆగలేదు. లింగంపల్లి నుంచి, ఇంకా అవతల నుంచి, గొంతు సన్నగిల్లినవాళ్లు వచ్చి సోఫాలో కూర్చునేవారు. కామేశ్వరరావు చెవి దగ్గర పెట్టేవాడు. మధ్యలో అడ్డుపడే వీలు లేదు కనక చివరిదాకా వినేవాడు. విన్నది విన్నట్టు అర్జీ రాసిచ్చేవాడు. కార్మిక శాఖలో ఏ కాగితం ఏ బల్ల మీద ఆగుతుందో ఆయనకు తెలుసు. కొన్ని కదిలాయి.

వానాకాలంలో ఒకరోజు పొద్దున్న బట్టలుతికే మెషీను మధ్యలో ఆగిపోయింది. పుణ్యవతి దాని మీదున్న నంబరుకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, స్టూలు మీద కూర్చుంది. కాసేపు సంగీతం వచ్చింది.

"నమస్తే అమ్మా, నా పేరు మధుకర్. ఏం తకలీఫొచ్చింది, చెప్పండి."

హాల్లో అర్జీ రాస్తున్న కామేశ్వరరావు పెన్ను ఆపాడు. ఆ గొంతు విని పుణ్యవతి ఫోను సౌండు పెంచింది. తర్వాత మెషీను సంగతి చెప్పింది, తన పేరు చెప్పలేదు. వెనక పైపు మడత పడిందేమో జర చూడమన్నాడు. చూసింది. మడతే. సరిచేస్తే నీళ్లు కదిలాయి.

"ఇంకేమన్న కావాల్నా అమ్మా?"

పుణ్యవతి హాల్లోకి చూసింది. "ఏం వద్దు బాబూ. మీకు ఇబ్బంది కాకపోతే, కాసేపు మాట్లాడండి."

"ఏం మాట్లాడాలె అమ్మా?"

"ఏదైనా. అక్కడ వాన పడుతోందా?"

పడుతున్నదన్నాడు. ఎప్పుడు మొదలైందో, రోడ్డు మీద ఎందాకా నీళ్లు నిలిచాయో చెప్పసాగాడు. కామేశ్వరరావు కుర్చీ తెచ్చుకుని పుణ్యవతి పక్కన వేసుకున్నాడు.