బందెలదొడ్డి వారసురాలు

విన్‌ఫ్రెడ్ పిండర్ ఇంట్లో పొయ్యిగూటి పైన, గోడ మేకుకి ఒక సింహం బొమ్మ వేలాడేది. ఇంటిపేరు చెబితే చాలు, వంశచిహ్నం తీసి చేతిలో పెట్టే వ్యాపారి దగ్గర నలభై ఏళ్ల క్రితం యార్క్ సంతలో కొన్నది. అప్పటినుంచి తమ పూర్వీకుడు రాజుగారి పక్కన గుర్రమెక్కి కత్తి తిప్పాడని ఊరందరికీ చెప్పుకుంది. పెళ్లి చేసుకోలేదు, ఊళ్లో పిండర్లలో తనే ఆఖరు. ఆ సింహం తప్ప చెప్పుకోవడానికి ఆమెకి ఇంకేమీ లేదు.

దాని పరువు కాస్తా రిటైరైన బడిపంతులు ఆరెల్ గారు తీసేశారు. ఊరి చివరి రాళ్ల దొడ్డిని పడగొట్టి కార్లు నిలిపే చోటు చెయ్యాలని పంచాయతీ ఆలోచన. ఆ దొడ్డి సంగతేమిటో చూద్దామని ఆయన చర్చిలోని పాత కాగితాలు తిరగేసి, టీ వేళకి విన్‌ఫ్రెడ్ ఇంటికొచ్చారు.

"అది బందెలదొడ్డి, విన్నీ. పిండర్ అంటే దాని కాపరి. పొలాల్లో పడ్డ గొడ్లని తోలుకొచ్చి అందులో పెట్టేవాడు."

"మావాళ్లు గొడ్ల వెంట పడ్డారా!"

"దొరగారి గొడ్డైనా సరే, జరిమానా కట్టందే వదిలేవాళ్లు కాదు. ఊరంతా తిట్టుకునేదిలే."

"బిస్కట్టు తినండి పంతులుగారూ. నోటికి కాస్త పని ఉంటుంది."

మర్నాడు, ఎన్నడూ పట్టించుకోని ఆ దొడ్డి దగ్గరికి వెళ్లి నిలబడింది. ఛాతీ ఎత్తు గోడ, నాచు పట్టిన రాళ్లు. ఇదీ పోతే పిండర్లు ఉండేవారనడానికి ఏమీ మిగలదని తోచింది. అటుగా వస్తున్న పంచాయతీ పెద్ద హెబ్డెన్‌ని ఆపి, పడగొట్టొద్దని బతిమాలింది.

"ఈ కాలంలో ఈ రాళ్లు ఎవరికి పనికొస్తాయమ్మా? మంగళవారం సాయంత్రం తేల్చేస్తాం. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. ఇక ఓటుకి లేవాల్సింది నా చెయ్యే."

మంగళవారం పొద్దున ఆ హెబ్డెన్ గొర్రెలే కంచె దాటి సమాధుల తోటలో పడ్డాయి. విన్‌ఫ్రెడ్ వెళ్లేసరికి వాళ్లమ్మ సమాధి మీది పూలు నములుతున్నాయి. ఒళ్లు మండి గొడుగు ఝళిపించింది. హెబ్డెన్ రొప్పుకుంటూ వచ్చేసరికి పదకొండు గొర్రెలూ దొడ్డిలో ఉన్నాయి, తలుపుకి ఆమె కండువా కట్టి ఉంది.

"ఇంకాసేపుంటే లారీల రోడ్డెక్కేవి," అంది.

"బతికించావు తల్లీ! తలుపు తియ్యి."

"పిండర్లు ఊరికే తియ్యరు."

"సరే, ఎంత?"

"సాయంత్రం మీ చెయ్యి."

"ఇది దౌర్జన్యం!"

"ఈ రాళ్లు ఎవరికి పనికొస్తాయని అడిగారుగా. లోపల పదకొండు మంది ఉన్నారు, కనుక్కోండి."

లోపల్నించి ఒక గొర్రె గట్టిగా అరిచింది. హెబ్డెన్ నవ్వాపుకోవాలని చూశాడు గానీ వల్ల కాలేదు. సాయంత్రం సభలో, దొడ్డి ఉంచాలని అందరికంటే పైకి ఎత్తాడు చెయ్యి.

విన్‌ఫ్రెడ్ ఇంటికొచ్చి సింహాన్ని దించి పెట్టెలో పెట్టింది. ఆ మేకుకి, పొట్టేలు కుమ్మి వంకర చేసిన గొడుగు తగిలించింది. పిండర్ల ఇంట్లో మొదటిసారి ఒక సొంత వస్తువు గోడకెక్కింది.