తడిపిన రొట్టె

పొంగిన రొట్టె పొయ్యిలోంచి బయటపడగానే దాని అంచులోకి కత్తి మొన దూర్చి, లోపలి ఆవిరి చల్లారేలోగా చుట్టూ కోసి, రెండు పలుచని పొరలుగా విడదీయాలి. పెళ్ళయి ఈ కొండ ఊరికి వచ్చిన నాటి నుంచీ బొనారియా పని అదే. కాలి కాలి ఆమె వేళ్ళ కొసలు నున్నగా, గట్టిగా అయిపోయాయి. ఎవరింట కరకరలాడుతూ నెలల తరబడి నిలవుండే ఈ కరసావ్ రొట్టె కాల్చినా చీల్చడానికి ఆమెనే పిలుస్తారు.

ఇవాళ వరసగా మూడు రొట్టెలు చిరిగాయి.

"మనసెక్కడ పెట్టుకుని కోస్తున్నావే? ఇట్లాగైతే ఇవన్నీ మేకలకే," అంది పొయ్యి ముందు కూర్చున్న ఆ ఇంటావిడ నానెద్ద. పిండి వత్తుతున్న ఆడవాళ్ళు నవ్వారు.

బొనారియా నవ్వలేదు. లేచి తలుపు దాకా వెళ్ళింది. తిరిగొచ్చి, రొట్టెల మీద సర్దిన గుడ్డనే మళ్ళీ సర్దింది. నెల రోజులుగా మంచం పట్టిన ఆమె భర్త బాకిస్, పొద్దున ఆమె బయలుదేరుతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఏమైనా మెత్తగా పెట్టవే. గుడ్డు వేసి," అన్నాడు. ఫలానాది కావాలని ఏనాడూ అడిగిన మనిషి కాడు. ఏడాదిలో సగం గొర్రెల వెంట కొండల్లోనే ఉండి, ఆమె కట్టిచ్చిన ఎండు రొట్టెను చీజ్ ముక్కతో కొరుక్కుని బతికినవాడు. "వచ్చాక చేస్తాలే," అనేసి వచ్చింది.

మరో రొట్టె చిరగ్గానే కత్తి కింద పెట్టింది.

"అక్కా, నేను ఇంటికెళ్తున్నా."

"పొయ్యి మండుతుంటేనా! మరి చీల్చేదెవరు?"

"నువ్వే చీల్చు."

నానెద్ద తిట్టబోయింది. బొనారియా ముఖం చూసి ఆగి, కాల్చిన రొట్టెలు రెండు గుడ్డలో చుట్టి చేతిలో పెట్టింది.

ఇంట్లో బొనారియా గొర్రె మాంసం చారు మరగబెట్టింది. రొట్టెను అందులో ఒక్కసారి ముంచి తీసి పళ్ళెంలో పరిచింది. టొమాటో గుజ్జు, చీజ్ తురుము, వాటిమీద మరో పొర. చారులోనే పగలగొట్టి వేసి సగం ఉడికించిన గుడ్డును పైన జార్చింది. బాకిస్‌ను దిండుకు ఆనించి కూర్చోబెట్టి, పళ్ళెం ఒళ్ళో పెట్టింది. అతను అంచు నుంచి రెండు ముద్దలు తిన్నాడు.

"ఇన్నాళ్ళూ నాకు చెక్కముక్కలు కట్టిచ్చి, ఇది నువ్వొక్కదానివే తిన్నావా?"

"నువ్వు ఇంట్లో ఉంటే కదా పెట్టడానికి!"

అతను చప్పుడు లేకుండా నవ్వాడు. "ఉప్పు తక్కువైందే."

ఆమె వంటగదిలోకి వెళ్ళి ఉప్పు తెచ్చేసరికి అతని తల పక్కకు వాలి ఉంది. పిలిచింది. భుజం పట్టుకుని కదిపింది. మళ్ళీ పిలిచింది. తర్వాత ఉప్పు గుప్పిట్లోనే పట్టుకుని మంచం అంచున కూర్చుండిపోయింది.

ఒళ్ళోని పళ్ళెంలో పచ్చసొన చెదరలేదు. దాని చుట్టూ రొట్టె చారు పీల్చుకుంటూ ఇంకా మెల్లగా ఉబ్బుతోంది.