చోటిచ్చే స్వరం

పొద్దున్నే భర్త బస్సు డ్యూటీకి వెళ్ళగానే మీటలమ్మ సింథసైజరు ఆన్ చేసేది. అది వేడెక్కడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఈలోగా అత్తగారికి మాత్రలిచ్చి, తను కాఫీ తాగి, వచ్చి శ్రుతి సరిచూసుకునేది.

మీటలమ్మ అన్నది బిల్డింగువాళ్ళు పెట్టిన పేరు. ఒకప్పుడు టీవీలు బాగుచేసే షాపులో పనిచేసేది. తీరికవేళల్లో షాపు వెనక గదిలో కూర్చుని, టంకం పెట్టి, ఆ సింథసైజరు పెట్టెని తనే కట్టుకుంది. ముప్పై మీటలు, కుడివైపంతా చిన్న చిన్న రంధ్రాలు. వైర్లు పెట్టకపోయినా మోగుతుంది. లోపల దానికో దారి ముందే వేసి ఉంటుంది. ఒక రంధ్రంలోంచి ఇంకో రంధ్రంలోకి వైరు గుచ్చితే మాత్రం ఆ దారి వదిలి కొత్త దారి పడుతుంది. అదే పెట్టె, వేరే గొంతు. ఆమెకి ఆ వైర్లంటేనే పిచ్చి.

షాపు మూతపడి ఇంట్లో కూర్చున్నాక, ఓ రోజు వైర్లన్నీ తీసేసి, బాగా కింది స్థాయిలో ఒకే స్వరం పట్టి, స్వరాన్ని అణిచి ఉంచే ఫిల్టరు మీట మెల్లగా తెరిచింది. స్వరం విచ్చుకున్నకొద్దీ గది గోడలు వెనక్కి జరిగాయి. కింద టైలరు ఇంట్లోనూ, పైన బిల్డింగు సెక్రటరీగారింట్లోనూ అలాగే జరిగాయి. సాయంత్రం సెక్రటరీగారు దిగి వచ్చి, "రోజూ ఎన్నింటిదాకా ఉంచుతావమ్మా? మా బీరువా లోపలికి తెచ్చుకోవాలి" అన్నాడు. అంతకుమించి ఎవరూ ఏమీ అడగలేదు.

వారం తిరక్కుండా టైలరు మూడో కుట్టుమిషను వేయించాడు. అన్నిటికంటే ముఖ్యం, అత్తగారికి గదిలో మంచం పడింది. ముప్పయ్యేళ్ళు ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి, అప్పటిదాకా ఫ్రిజ్జు పక్కన నడవాలో పడుకునేది. మోకాలి ఆపరేషనయ్యాక రోజూ నడవమని డాక్టరు చెప్పాడు. మంచం దగ్గర్నుంచి కిటికీ దాకా పన్నెండడుగులు. స్వరం ఆగితే ఏడు.

పడుకునే ముందు మీట మూసేస్తే గోడలు దగ్గరికొచ్చి మంచాలకి ఆనుకునేవి. రాత్రి పడుకోవడానికి ఆ చోటు చాలు, మసలడానికి చాలదు. పగలు మాత్రం ఆమె కదలడానికి లేదు. గది వేడెక్కితే ఆ పెట్టె స్వరం పైకి పాకుతుంది, చల్లబడితే జారుతుంది. పావుగంటకోసారి వెంట్రుకవాసి సవరించకపోతే కింద కుట్టుమిషన్లు ఒకదాన్నొకటి గీరుకునేవి. టైలరు చీపురుకర్రతో సీలింగు పొడిచేవాడు. స్నానానికి వెళ్ళినా ఆమె చెవి ఇటే ఉండేది. ఏడాదైంది, ఒక్క వైరు ముట్టుకోలేదు.

"ఇంట్లో కూర్చునేదేగా. నేను రోజంతా ట్రాఫిక్కులో చస్తున్నా" అనేవాడు భర్త. చెడ్డవాడు కాదు. ఆమె ఏం వాయిస్తోందో ఎప్పుడూ వినలేదు, అంతే.

ఆమె ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. అంత చోటూ ఎక్కణ్ణుంచో రావాలి కదా. ఆమె కూర్చునే మూల రోజురోజుకీ ఇరుకైపోతోంది. ఎండాకాలంలో కుర్చీ పట్టలేదు, స్టూలు వేసుకుంది. వానాకాలానికి స్టూలూ పట్టలేదు. ఇప్పుడు నేలమీద, మోకాళ్ళు గడ్డానికి ఆనించి, పెట్టెని పాదాల మీద పెట్టుకుని వాయిస్తోంది.

ఓ మధ్యాహ్నం డ్యాన్సు టీచరు వెతుక్కుంటూ వచ్చింది. షాపు రోజుల్నుంచీ స్నేహితురాలు.

"రెణ్ణెల్లు ఊళ్ళు తిరిగి ప్రోగ్రాములివ్వాలే. నాకు నీ వైర్ల సంగీతం కావాలి. ఆదివారం నుంచి రిహార్సల్సు."

"కుదరదే."

"ఏం?"

"గోడలు."

టీచరు చుట్టూ చూసింది. అదీ నిజమేనన్నట్టు తలూపి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

అత్తగారు ఆరో అడుగు దగ్గర ఆగి ఇదంతా విన్నది. "అమ్మాయ్, నేలమీద కూర్చున్నావేం?"

"ఇలాగే బావుందత్తయ్యా."

ఆవిడ కర్ర ఊనుకుంటూ వచ్చి మూలలోకి చెయ్యి పెట్టి చూసింది. మోచెయ్యి దాటి లోపలికి పోలేదు. కోడలి భుజం తడిమింది. గోడ ఒరుసుకునే చోట చర్మం కమిలి, మధ్యలో తడిగా ఉంది.

"వాడికి చెప్పావా?"

"చెప్తే మీ మంచం మళ్ళీ నడవాలో పడుతుంది."

అత్తగారు ఆ తడి కొంగుకి తుడుచుకుంది. "పడక పుండ్లు ఎంతమందికి కడిగానో లెక్కలేదు," అంది. "మంచం పట్టని మనిషికి చూడ్డం ఇదే మొదటిసారి." కర్ర చివరతో గోడమీది స్విచ్చి నొక్కేసింది.

స్వరం ఆగింది. గోడలు వచ్చేశాయి. మూలకి ఎప్పటి చోటు దానికొచ్చింది. మీటలమ్మ గోడ పట్టుకుని మెల్లగా లేచింది.

నిమిషంలో టైలరూ సెక్రటరీగారూ గుమ్మంలో ఉన్నారు.

"బీరువా తలుపు తెరుచుకోవడం లేదండీ," అన్నాడు సెక్రటరీగారు.

"తెరుచుకోదు. ఆపింది నేను," అంది అత్తగారు. "మనుషుల్ని పిలిపించి బయటపెట్టించుకోండి. ముందు ఒక చెయ్యి వేయండి, నా మంచం నడవాలోకి తోయాలి."

ఇద్దరూ మంచం తోసి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం అన్నం తింటూ భర్త రెండుసార్లు తలెత్తి విన్నాడు. "ఇవాళ ఇంట్లో ఏదో లేదు."

"రెణ్ణెల్లు నేను కూడా ఉండనండీ. టీచరుతో వెళ్తున్నా."

అతను తల్లి వైపు చూశాడు.

"కంచంలోకి చూసి తిను," అందావిడ.

ఆదివారం రిహార్సల్ హాలులో మీటలమ్మకి చేతులున్న కుర్చీ వేశారు. పెట్టె వేడెక్కేదాకా ఆగి, అలవాటుకొద్దీ ఆ కింది స్వరంతోనే మొదలుపెట్టింది. డ్యాన్సర్లు ఎనిమిదడుగులేసి గోడ దగ్గర వెనుదిరగాలి. ఫిల్టరు తెరుచుకుంది. వాళ్ళకి తొమ్మిదో అడుగు పడింది, పదోది పడింది.

"ఇంకాస్త తియ్యి," అంది టీచరు. "చోటు బాగా వస్తోంది."

మీటలమ్మ కుర్చీ వీపుకి వెనక గోడ మెత్తగా వచ్చి తగిలింది. ఆమె చెయ్యి మీట మీదే ఉండిపోయింది. అక్కడ చీపురుకర్రలు లేవు, పన్నెండడుగులు నడవాల్సినవాళ్ళు లేరు. అయినా మీట వెనక్కి తిప్పడానికి చాలాసేపు పట్టింది.

"ఎనిమిదడుగులకే డ్యాన్సు కట్టుకోండి," అంటూ మీట మూసేసింది.

టీచరు ఆమెని ఒక్క క్షణం చూసి, డ్యాన్సర్ల వైపు తిరిగి, "ఎనిమిది" అంది.