హుస్సేనమ్మ సాక్ష్యం

పొద్దున చాయ్ తాగి గడప పక్కన రాట్నం ముందు కూర్చుందంటే హుస్సేనమ్మకు మధ్యాహ్నం దాకా కండెలు చుట్టే పని. అమరచింతలో మగ్గాలున్న ఇళ్లకు నూలు చుట్టిచ్చి బతికేవాళ్లలో ఆమె చేతికి మంచి పేరుంది. నోటికి అంత పేరు లేదు. ముక్కుసూటిగా అనేస్తుందని మగ్గాలవాళ్లు కండెలు తీసుకుని తొందరగా వెళ్లిపోయేవాళ్లు. రెండువేల అయిదు ఎండాకాలం వచ్చేసరికి ఆ నోరు కూడా తగ్గిపోయింది. భర్త ఇస్రాయేలు పోయి అప్పటికి ఏడాది కాలేదు.

ఇస్రాయేలును ఊరి చివర, చర్చివాళ్ల సమాధుల తోటలో పెట్టారు. ఆయన పక్కన ఇంకో మనిషికి సరిపడా జాగా ఉంది. పోయాక తనను అక్కడే పెట్టాలన్నది హుస్సేనమ్మ కోరిక. బతుకులో ఆమె అంతగా కోరుకున్నది ఇంకేదీ లేదు. తోట ఇరుకైపోయిందని, బాప్తిస్మం తీసుకున్నవాళ్లకే ఇకమీదట చోటని సంఘం పెద్దలు తీర్మానించారు. హుస్సేనమ్మ ఇన్నేళ్లూ భర్త వెంట వెళ్లి వెనకవైపు చాప మీద కూర్చున్నదే గానీ బాప్తిస్మం తీసుకోలేదు. ఇస్రాయేలు ఏనాడూ అడగలేదు.

బాప్తిస్మానికి ముందు అందరి ఎదుట నిలబడి సాక్ష్యం చెప్పాలి. ఫలానా ఇంట పుట్టాను, ఫలానా దాన్ని నమ్మాను, ఇవాళ దాన్ని విడిచిపెడుతున్నాను అని. ఆ చర్చిలో విడిచానన్నది నిజంగానే విడిచిపోయేది. చెప్పి కూర్చునేలోపు మనసులోంచి దిగి వెళ్లిపోయేది. వెంకటన్న కల్లు విడిచిన మర్నాడు ఈతవనం పక్కనుంచి పోతూ ఆ చెట్లకు కుండలెందుకు కట్టారని అడిగాడు. ఆ రోజు అతని పెళ్లాం పాయసం వండింది. జానకమ్మ ఎల్లమ్మను విడిచినప్పుడు ఎల్లమ్మ గుడి ముందు జరిగిన తన పెళ్లి కూడా పోయింది. మొగుడు చిన్నప్పటినుంచి ఎరిగిన మేనబావ కాబట్టి మిగిలాడు. ఊళ్లో దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోలేదు. సాక్ష్యం చెప్పినవాళ్ల నడక తేలికవుతుందని మాత్రం అనుకునేవాళ్లు.

సాక్ష్యానికి ముందురోజు సాయంత్రం హుస్సేనమ్మ కూతురు రూతు ఆత్మకూరు నుంచి వచ్చింది. తల్లి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది.

"రేపటికి నాకేం యాదుండదు బిడ్డా. నేను చెప్తా, జర నువ్వు పట్టుకో. మల్ల నాకు చెప్పుదువు."

అన్నీ చెప్పింది. పుట్టిన బిడ్డ పుట్టినట్టే పోతుంటే తన తల్లి మొహర్రం పీర్లకు మొక్కుకోవడం, తను బతికి బట్టకట్టాక చంకనేసుకుని గుండంలో నిప్పులు తొక్కడం, పీరును ఎత్తే ఖాజా మియా నొసట విభూతి పెట్టి ఆ పీరు పేరే, హుస్సేన్ అని పెట్టడం. ఏటేటా ఊదు పొగ, బెల్లం కలిపిన మలీద ముద్ద, తల్లి అరికాళ్ల మీద మానని మచ్చలు.

రూతు తల్లి వైపు తిరిగింది. "గంత నమ్మినదానివి, ఎట్ల ఇడుస్తవమ్మా?"

"మీ నాయిన పక్కన పండుకోవాలె. గంతే."

"పీరుకు కోపం రాదా?"

"నమ్మినదాని కోసం పానమే ఇచ్చినోడు. ముసల్దాని మీద ఏం కోపం జేస్తడు?"

"అవునూ, నువ్వు నాయినను మొదలు యాడ జూసినవ్?"

"యాడ జూసుడేంది? పెద్దోళ్లు జేసిన్రు," అని హుస్సేనమ్మ పొయ్యి దగ్గరికి లేచిపోయింది.

అది అబద్ధం. పీర్ల పండుగనాడే చూసింది. ఇస్రాయేలు గుండం అంచున డప్పు కాచుకుంటూ తలెత్తాడు. ఆమె చేతిలోంచి మలీద గిన్నె జారిపోయింది. నవ్వకుండా వంగి ఏరి ఇచ్చాడు. తర్వాత, "నీ దేవుని కాడనే నువ్వు దొరికినవ్. ఆయన్ను ఇడువమని నేనెట్ల అంటా?" అనేవాడు. ఈ వయసులో కూతురికి చెప్పుకునే ముచ్చటా ఇది? సిగ్గేసి, ఆ ఒక్కటీ తన దగ్గరే ఉంచుకుంది.

ఆదివారం చర్చిలో హుస్సేనమ్మ లేచి నిలబడింది. కుర్ర పాస్టరు మంచివాడు. "అమ్మా, తొందర లేదు. మనసు ఒప్పినప్పుడే చెప్పండి," అన్నాడు.

"ఒప్పలేదు అయ్యగారూ. అయినా చెప్తా." ఆమె కొంగు సర్దుకుంది. "మా అమ్మకు పీర్ల మొక్కుతోటి పుట్టిన. గా పీరునే నమ్మిన. గా నమ్మకం ఎవరికి చెడు జెయ్యలే. ఇయ్యాల దాన్ని ఇడుస్తున్న."

తల్లిని వాకిట్లోంచి పంపించేసినట్టు అనిపించి ఏడుపొచ్చింది. కూర్చుంది. కూర్చున్నాక, కళ్లెందుకు తడిగా ఉన్నాయో ఆమెకు తెలియలేదు.

మధ్యాహ్నం కాలువలో బాప్తిస్మం అయింది. పెద్దలు మాట తప్పలేదు, జాగా చూపించమని పాస్టరును పంపారు. దారి పొడుగునా రూతు తనకు అప్పగించిన ముచ్చటలన్నీ ఒక్కటీ పోకుండా తిరిగి చెప్పింది. హుస్సేనమ్మ పక్కింటి కథ విన్నట్టు విని, "పాపం, గా తల్లి కాళ్లు ఎంత మండినయో," అంది.

తోటలో పాస్టరు చెయ్యి చాపి చూపించాడు. "ఇదేనమ్మా. ఇస్రాయేలు గారి పక్కనే."

హుస్సేనమ్మ ఆ సమాధిని చాలాసేపు చూసింది. రాయి మీద ఎండుటాకులుంటే ఊడ్చింది. ఇస్రాయేలు ఆమె బతుకులోకి వచ్చింది ఆ గుండం అంచునే. అది పోయాక, దాని వెనకాల ఆయనతో నడిచిన ఏళ్లన్నీ దాంతోపాటే పోయాయి. తన కడుపున పుట్టింది కాబట్టి రూతు మిగిలింది.

"ఎవరు బిడ్డా గీయన?"

మొదటిసారి యాడ జూసినవని తను అడిగినప్పుడు తల్లి ఎందుకు లేచిపోయిందో రూతుకు అప్పుడు అర్థమైంది. తల్లి అప్పగించిన వాటిలో ఆ ముచ్చట లేదు. అది ఎరిగిన ఇంకో మనిషి ఇప్పుడు మన్నులో ఉన్నాడు.

హుస్సేనమ్మ ఖాళీ జాగా వైపు, మళ్లీ సమాధి వైపు చూసి, కొంగు నిండా కప్పుకుంది.

"వద్దు అయ్యగారూ, పరాయి మొగాయన పక్కన నేనెట్ల పండుకుంటా? నన్ను యాడన్న ఓ మూలకు పెట్టున్రి. గీ జాగా ఆయన ఇంటామెకు ఉంచున్రి. ఆమెకు ఆశ ఉంటది గదా, పాపం."